‘క్యానీ’ అంటే పిసినారితనమా, నేర్పా?

నిఘంటువుప్రియ: ‘క్యానీ స్కాట్’ అంటే పిసినారి స్కాట్లాండ్ వాడని నిన్న ఇక్కడ ఒకరు రాశారు. నేను ఒప్పుకోను. ఈ పదానికి మూలం ‘క్యాన్’. స్కాట్లాండ్ వాళ్ల భాష పాత స్కాట్స్‌లో ఆ క్రియకు తెలియడం, చేతనవడం అని అర్థం. తెలిసి మసలుకునేవాడు, చేయి తిరిగినవాడు, తొందరపడనివాడు క్యానీ. డబ్బు ఆచితూచి ఖర్చుపెట్టడం అందులో ఒక కోణం మాత్రమే. దాన్నే పట్టుకుని ఒక జాతి మొత్తానికి ముద్ర వేయడం అన్యాయం.

రేవుగట్టు: పొదుపు అర్థం బయటివాళ్లు అంటగట్టింది కాదండీ, స్కాట్స్ మాట్లాడేవాళ్లూ వాడతారు. అయినా అసలు అర్థం పొదుపూ కాదు, నేర్పూ కాదు, క్షేమం. వాల్టర్ స్కాట్ 1815 నాటి నవల ‘గై మానరింగ్’లో ‘క్యానీ మూమెంట్’ అంటే బిడ్డ పుట్టే ఘడియ. ఘడియకు నేర్పు ఎక్కడిది? అది శుభఘడియ. స్కాట్లాండ్ ఈశాన్య తీరపు జాలర్లు పడవ మీద సాల్మన్ చేప పేరు, పంది పేరు ఎత్తేవారు కాదు. ఎవరైనా నోరు జారితే ఇనుమును ముట్టుకునేవారు. కీడు తెస్తుందని భయపడే దేన్నయినా స్కాట్లాండ్‌లో ‘నో క్యానీ’, అంటే క్యానీ కానిది, అంటారు.

నిఘంటువుప్రియ: మంత్రసానిని ‘క్యానీ వైఫ్’ అంటారు కదా! ఆమె చేతిలో పనితనం ఉంటేనే తల్లీబిడ్డలకు క్షేమం. ముందు నేర్పు, తర్వాతే క్షేమం. ఒకప్పుడు మంత్రశక్తి తెలిసినవాళ్లనూ క్యానీ అనేవారు. అక్కడా ఉన్నది తెలివిడే.

పాతపుస్తకం: ఇద్దరూ కార్మికులను మరిచిపోయారు. ‘కా క్యానీ’ అని ఒక మాట ఉంది. అందులో ‘కా’ అంటే తోలడం. జాగ్రత్తగా, మెల్లగా తోలమని. 1889లో గ్లాస్గో రేవు కార్మికులు సమ్మె చేస్తే, యజమానులు పని తెలియని కూలీలను దించారు. సమ్మె ఓడిపోయింది. అప్పుడు సంఘం నాయకులు కార్మికులతో, ‘ఆ కూలీల పనిని యజమానులు మెచ్చుకున్నారు, మీరూ అలాగే చేయండి’ అన్నారని చెబుతారు. చేయి తిరిగినవాళ్లు చేతకానివాళ్లలా మెల్లగా సరుకు మోశారు. ఆ పోరాట పద్ధతికి ‘కా క్యానీ’ అనే పేరు స్థిరపడింది. యజమానులు దాన్ని మోసమన్నారు. నా మటుకు అది న్యాయమే. కూలికి తగ్గ పని. ఇక్కడ క్యానీ అంటే నేర్పును దాచుకోవడం!

రేవుగట్టు: గొప్ప ఉదాహరణ. అయినా వ్యతిరేక పదం చూడండి. ‘అన్‌క్యానీ’ అంటే చేతకానివాడు కాదు, ఒళ్లు జలదరింపజేసేది. మనోవిశ్లేషకుడు ఫ్రాయిడ్ జర్మన్‌లో రాసిన 1919 వ్యాసానికి ఇంగ్లీషులో ఆ పేరే పెట్టారు. సరిహద్దు దాటి ఇంగ్లండ్‌లోని న్యూకాసిల్ వెళితే క్యానీ అంటే మంచి, ముచ్చటైన అని. నేర్పుతో దీన్ని ఎలా వివరిస్తారు?

నిఘంటువుప్రియ: మనకు ‘నెమ్మది’ ఉంది కదండీ. నెమ్మదిగా నడవడమూ అదే, నెమ్మదైన మనిషీ అదే. తెలిసినవాడు తొందరపడడు, తొందరపడనివాడు సౌమ్యుడు, సౌమ్యుడు మంచివాడు. అన్‌క్యానీ విషయంలో మాత్రం మీ వాదానికే బలం ఎక్కువ. పిసినారితనాన్ని మొదటి అర్థంగా పెడితే మాత్రం నేను ఒప్పుకోను.