అప్‌డేట్: రీసెల్లర్ హోస్టింగ్ రేటు పెంచేశాను

వేరే కంపెనీ దగ్గర సర్వర్‌లో చోటు కొని, నల్గొండలో చిన్న షాపుల వెబ్‌సైట్లకు, మెయిళ్లకు హోస్టింగ్ ఇస్తున్నాను (రీసెల్లర్ హోస్టింగ్ అంటే ఇదే). ఏడాదికి 999 రూపాయలు తీసుకుంటే గిట్టుతుందా అని ఇంతకుముందు అడిగాను. గిట్టదు. 'అసలు ఖర్చు సర్వర్ కాదు, ఫోన్ కాల్సే' అని అప్పుడు ఒకరన్నది ముమ్మాటికీ నిజం. మిర్యాలగూడ రైస్ మిల్లు ఓనర్ ఒకాయన మెయిల్ రావట్లేదని రాత్రి పదకొండింటికి ఫోన్ చేశాడు. చూస్తే మెయిల్‌బాక్స్ నిండిపోయింది, అన్నీ వడ్ల ఫోటోలే!

హోస్టింగ్ అకౌంట్లు నడిపే సాఫ్ట్‌వేర్ సీప్యానెల్ 2019 నుంచి అకౌంట్ల లెక్కన లైసెన్స్ ఫీజు తీసుకుంటోంది కాబట్టి వాడకుండా పడున్న అకౌంట్లు తీసేయించాను. నాకు జీఎస్టీ రిజిస్ట్రేషన్ లేదు, కాబట్టి ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నవాటిపై కట్టిన జీఎస్టీని తిరిగి సర్దుకోవడం) రాదు. అందుకే నాకు సర్వర్ ఇచ్చే కంపెనీ బిల్లులోని 18 శాతం జీఎస్టీ కూడా రేటులో కలిపాను. ఇప్పుడు ఏడాదికి 2,400, రెన్యువల్‌కూ అంతే. పాతవాళ్లకు గడువు తీరాకే కొత్త రేటు. ఇద్దరు వెళ్లిపోయారు, పీడా పోయింది. మిల్లాయన మాత్రం బేరమాడి, డొమైన్ (వెబ్‌సైట్ పేరు) ఫ్రీగా ఇమ్మన్నాడు. ఇవ్వలేదు, అయినా కట్టాడు.