లిటిల్ అండమాన్‌లో ఏడాది పాటు స్వచ్ఛంద ఉపాధ్యాయురాలిగా: పిల్లల భాష రాకుండా మొదటి నెల ఎలా గడపాలి?

బరంపురం నుంచి ప్రశ్న

పెద్దలందరికీ నమస్కారం. మా ఇంట్లో తెలుగు మాట్లాడుకుంటాము. నేను బడిలో ఒడియాలో చదువుకొని, ఈ మధ్యనే గణితంలో డిగ్రీ పూర్తి చేశాను. ఒక స్వచ్ఛంద సంస్థ తరఫున లిటిల్ అండమాన్ ద్వీపంలో, హట్ బే దగ్గరి ఒక ఊరిలో, ఆరు నుంచి ఎనిమిదో తరగతి వరకు చదివే పిల్లలకు సాయంత్రాలు లెక్కలు, ఇంగ్లీషు చెప్పడానికి ఎంపికయ్యాను. జూన్‌లో బయలుదేరాలి. అక్కడ ఒకే గదిలో బెంగాలీ, రాంచీ (ఆ ప్రాంతం నుంచి వెళ్లి స్థిరపడిన ఆదివాసీలు), నికోబారీ, తమిళ, తెలుగు కుటుంబాల పిల్లలు కలిసి కూర్చుంటారని, అందరికీ ఉమ్మడి భాష హిందీ అని చెప్పారు. నా హిందీ అంతంత మాత్రమే. తమ్ముడికి పాఠాలు చెప్పడం తప్ప బోధనలో నాకు అనుభవం లేదు. సముద్రం మధ్య ఒంటరిగా ఎలా ఉంటావని అమ్మ దిగులు పడుతోంది. అక్కడికి గాని, అలాంటి మరో చోటికి గాని వెళ్లి వచ్చినవారు మొదటి రోజులు ఎలా ఉంటాయో చెప్పగలరా?

గుణుపురం నుంచి జవాబు

చెల్లెమ్మా, నేను అదే ద్వీపంలో పది నెలలు పిల్లలకు చదువు చెప్పాను. ముందుగా ప్రయాణం సంగతి చెబుతాను. విశాఖపట్నం నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు నౌకలో రెండు రోజులకు పైగా పడుతుంది. 2024లో ఆ ఊరి పేరును శ్రీ విజయపురం అని మార్చారు గాని, నేను కలిసినవారిలో చాలామంది ఇప్పటికీ పాత పేరే పలుకుతారు. అక్కడి నుంచి హట్ బేకు దక్షిణంగా దాదాపు 120 కిలోమీటర్లు మళ్లీ ఓడలోనే వెళ్లాలి. నువ్వు వెళ్లే జూన్ నైరుతి రుతుపవనాల కాలం. సముద్రం అల్లకల్లోలంగా ఉంటే ఓడ ఆగిపోతుంది కనుక, పోర్ట్ బ్లెయిర్‌లో రెండు మూడు రోజులు నిలబడిపోవలసి వస్తుందని ముందే అనుకొని చేతిలో డబ్బు ఉంచుకో. ఓడ రాని వారంలో ఊళ్లో ఉల్లిపాయలు, కూరగాయలు కూడా కరవవుతాయి. నేను మొదటి నెలంతా కొబ్బరి, చేప, పప్పుతోనే గడిపాను.

సాయంత్రపు తరగతి అన్నావు కాబట్టి ఇంకొక మాట. జూన్‌లో మన బరంపురంలో దాదాపు ఆరున్నర దాకా వెలుతురు ఉంటుంది, అక్కడ ఆరు కాకముందే పొద్దు కుంకుతుంది. గడియారం మనదే అయినా ఆ ద్వీపాలు ఎంతో తూర్పున ఉన్నాయి. నేను అది ఆలోచించక అయిదున్నరకు తరగతి పెట్టాను. వాగు దాటి ఇళ్లకు వెళ్లవలసిన పిల్లలు చీకటి భయంతో మానేశారు, నేను మాత్రం వారికి చదువు మీద శ్రద్ధ లేదనుకొని వారం రోజులు నొచ్చుకున్నాను. ఆ వాగుల్లో ఉప్పునీటి మొసళ్లు ఉంటాయి, హెచ్చరిక బోర్డులు కూడా ఉన్నాయి. ఒక తల్లి వచ్చి చెప్పేదాకా నాకు ఆ సంగతి తోచలేదు. అందుచేత వేళ నిర్ణయించే ముందు ప్రతి పిల్లవాడి ఇల్లు ఎక్కడ ఉందో, ఏ దారిన వస్తాడో నడిచి చూసుకో.

దోమతెర, గొడుగు, రెండు టార్చిలైట్లు తీసుకెళ్లు. 2020 ఆగస్టులో చెన్నై నుంచి సముద్రగర్భ కేబుల్ వచ్చాక ఇంటర్నెట్ మెరుగైంది కాబట్టి అమ్మగారితో మాట్లాడడం పెద్ద కష్టం కాదు. ద్వీపంలో ఓంగీ గిరిజనుల కోసం కేటాయించిన ప్రాంతం ఉంది. 1956 నాటి రక్షణ నిబంధనల ప్రకారం అనుమతి లేకుండా అక్కడికి వెళ్లడం నేరం. ఎవరైనా చూపిస్తామని పిలిచినా వెళ్లవద్దు.

పర్లాకిమిడి నుంచి జవాబు

అమ్మాయీ, నేను ముప్పై ఏళ్లు గణితం చెప్పి పదవీ విరమణ చేసినవాణ్ణి. నీకు హిందీ సరిగా రాదన్న బెంగ కన్నా, ఇంటి భాష ఒకటి, బడి భాష ఒకటి అయినప్పుడు పిల్లవాడికి ఎలా ఉంటుందో నువ్వు స్వయంగా అనుభవించావన్న సంగతి పెద్దది. నువ్వు ఒడియాలో అంకెలు నేర్చుకున్న రోజులు గుర్తు చేసుకో. తెలుగులో నలభై తొమ్మిది అన్నప్పుడు నలభై ముందు, తొమ్మిది తరువాత స్పష్టంగా వినిపిస్తాయి. ఒడియాలో అణచాశ అంటే యాభైకి ఒకటి తక్కువ. హిందీ ఉన్‌చాస్, బెంగాలీ ఊనపంచాశ్ కూడా అదే పద్ధతి. అలాగే అణచాళిశ అంటే నలభైకి ఒకటి తక్కువ, 39. అది విని 49 వేసిన తెలుగింటి పిల్లలను నేను ఎందరినో చూశాను. వాళ్లకు లెక్క రాక కాదు, మాట తికమక పెట్టింది. నీ తరగతిలో ఎవరైనా తప్పు అంకె వేస్తే, ఆ అంకెను ఇంట్లో ఏమంటారో ముందు అడుగు. మొదటి వారం పాఠమంతా అదే కావచ్చు: ప్రతి బిడ్డా తన ఇంటి భాషలో ఒకటి నుంచి నూరు దాకా చెప్పాలి, నువ్వు నల్లబల్ల మీద వరుసగా రాయాలి, తేడాలు వాళ్లే పట్టుకోవాలి. దీనికి మంచి హిందీ అక్కరలేదు.

మా ఊరి వాడిగా ఇంకొక సంగతి చెప్పకుండా ఉండలేను. 1880లో ఇక్కడి బడిలో ఉపాధ్యాయుడిగా చేరిన గిడుగు వెంకట రామమూర్తి పంతులు గారు సవరల భాషను కష్టపడి నేర్చుకొని, ఆ పిల్లల కోసం వారి భాషలోనే వాచకాలు రాసి, బడులు పెట్టించారు. ఆయన ముందుగా చేసిన పని వారి మాట వినడమే. నువ్వు కూడా ఒక నోటుపుస్తకం పెట్టుకొని రోజుకు అయిదు మాటలు పిల్లల చేత చెప్పించుకొని రాసుకో. మాస్టరమ్మ తమ దగ్గర నేర్చుకుంటున్నదని తెలిస్తే వాళ్లు తప్పు చెప్పడానికి జంకరు.

చిత్రకొండ నుంచి జవాబు

నేను ద్వీపం చూడలేదు గాని, మల్కాన్‌గిరి జిల్లాలోని బలిమెల జలాశయం అవతల పుట్టి పెరిగాను. మూడు వైపులా నీళ్లతో తెగిపోయిన ఆ 151 ఊళ్లకు 2018 జులైలో గురుప్రియ వంతెన తెరిచేవరకు లాంచీయే ఆధారం. మా బడికి వచ్చిన మాస్టర్లలో కొందరు దసరా సెలవులకని లాంచీ ఎక్కి మళ్లీ రాలేదు. మూడో తరగతిలో ఉండగా నేను ఒక మాస్టారి కోసం చాలా రోజులు రేవు దగ్గరకు వెళ్లి చూశాను. ఆయన మంచివారే, అందుకే అంత ఎదురుచూశాను. కాబట్టి అక్కా, మీరు ఏడాదికే వస్తున్నారని, ఫలానా నెలలో వెళ్లిపోతారని మొదటి రోజే పిల్లలకు చెప్పండి. మధ్యలో సెలవుకు వెళ్తే తిరిగి వచ్చే తేదీ బల్ల మీద రాసి వెళ్లండి, ఓడ ఆగిపోతే ఆ ఊరిలో ఎవరికైనా ఫోను చేసి పిల్లలకు తెలియజేయండి. వెళ్లిపోయే ముందు మీ తరువాత వచ్చేవారికి ఏ బిడ్డ ఏ లెక్క దగ్గర ఆగిందో రాసిపెట్టండి. మాకు వచ్చిన ప్రతి కొత్త మాస్టారూ మళ్లీ మొదటి ఎక్కం నుంచే మొదలుపెట్టేవారు.

బరంపురం నుంచి మళ్లీ

మాస్టారు గారికి, అన్నయ్య గారికి, తమ్ముడికి కృతజ్ఞతలు. తరగతి వేళను నాలుగు గంటలకు మార్చడం వీలవుతుందా అని సంస్థ వారిని ఈ రోజే అడిగాను, ఊరివాళ్లతో మాట్లాడి చెబుతామన్నారు. అణచాళిశ సంగతి చదవగానే రెండో తరగతిలో నాకు పడిన దెబ్బలు గుర్తుకొచ్చాయి. అప్పుడు నేను వేసిన అంకె 49. అమ్మకు మీ జవాబులన్నీ చదివి వినిపించాను. మొసళ్ల మాట దగ్గర ఆగిపోయి, రెండు కాదు, నాలుగు టార్చిలైట్లు కొనిస్తానంది.