పాస్‌వర్డ్ రూల్స్‌కు రెజెక్స్ పెట్టాలా, వద్దా?

ఆదోని పత్తి:
ఆదోనిలో ఒక కమీషన్ మండీకి వెబ్ యాప్ రాస్తాండా. గుమస్తాలు లాగిన్ అయ్యి లాట్లు, రేట్లు ఎక్కిస్తారు. పాస్‌వర్డ్‌లో పెద్దక్షరం, చిన్నక్షరం, అంకె, గుర్తు తలా ఒకటి ఉండాలని మండీ వాళ్ల షరతు. నెట్‌లో అందరూ వాడే రెజెక్స్ (రాసింది ఫలానా నమూనాలో ఉందా అని చూసే సూత్రం) తెచ్చి పెట్టినా: ఒక్కో షరతును ముందే చూసే లుక్‌అహెడ్‌లు నాలుగు, చివర అనుమతించే అక్షరాల జాబితా, కనీసం ఎనిమిది. ఒక్క లైన్లో పనైపోయింది. మా టీమ్‌లో ఒకాయన తీసేయమంటాండాడు. ఎందుకు తీయాల?

గండికోట:
తీసేయడమే మంచిది తమ్ముడూ. ఆ చివరి జాబితా చూడు. అక్షరాలు, అంకెలు పోను ఏడు గుర్తులే ఉంటాయి. హ్యాష్ (#) లేదు, హైఫన్ లేదు, స్పేస్ లేదు. పాస్‌వర్డ్‌లు తయారుచేసి దాచిపెట్టే పాస్‌వర్డ్ మేనేజర్ ఇచ్చిన ఇరవై అక్షరాల పాస్‌వర్డ్‌లో ఒక్క హ్యాష్ ఉన్నా కొట్టేస్తుంది. పైగా "ఒక గుర్తు ఉండాలి" అని మెసేజ్. గుర్తు కళ్లముందే ఉంటే ఆ గుమస్తా ఏం చేయాలి?

బురుజు నీడ:
జాబితా చిన్నదైతే పెంచుకుంటే సరిపాయె. దానికి రూలే తీసేయడం ఏందప్పా? రూలు లేకుంటే జనం ఒకటి నుంచి ఆరు దాకా కొట్టి ఊరుకుంటారు. 2019లో వెబ్‌సైట్లకు రక్షణ ఇచ్చే క్లౌడ్‌ఫ్లేర్ కంపెనీ సర్వీసు ఒక రెజెక్స్ దెబ్బకు ఆగిపోయిందని కూడా ఎవరో ఒకరు అంటారు. అది రెజెక్స్ మళ్లీమళ్లీ వెనక్కి పోయి వెతకడంతో (బ్యాక్‌ట్రాకింగ్) వచ్చిన తంటా, ఈ రెజెక్స్‌కు ఆ జబ్బు లేదు.

గండికోట:
క్లౌడ్‌ఫ్లేర్ సంగతి ఒప్పుకుంటా, ఇక్కడికి రాదు. కానీ రూలు ఉన్నప్పుడు జనం ఏం కొడతారో చూడండి. ఇంగ్లీషులో కడప, మొదటి అక్షరం పెద్దది, పక్కన ఎట్ (@), తర్వాత 123. పది అక్షరాలు, నాలుగు షరతులూ పాస్. ఊరి పేరు, ఎట్, 123 అనే వరస పాస్‌వర్డ్‌లు పగలగొట్టేవాళ్లు ముందుగా ప్రయత్నించే వాటిలో ఉంటుంది. అదే ఒకరు సంబంధం లేని ఐదు మాటలు చిన్నక్షరాల్లో వరసగా కొడితే, పాతిక అక్షరాలు దాటినా మన రెజెక్స్ వెనక్కి పంపుతుంది.

ఈ షరతులకు ఊపు తెచ్చింది అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2004లో తెచ్చిన పత్రం. అది రాసిన బిల్ బర్ అందులో చాలావాటికి ఇప్పుడు బాధపడుతున్నానని 2017లో వాల్ స్ట్రీట్ జర్నల్‌కు చెప్పారు. అదే ఏడాది నిస్ట్ ఈ షరతులు వద్దని సలహా ఇచ్చింది. 2025 నాటి పత్రంలో ఏకంగా పెట్టకూడదని రాసింది. పాస్‌వర్డ్ ఒక్కటే ఉన్నచోట కనీసం 15 అక్షరాలు, ఎంత పొడవైనా కనీసం 64 దాకా రానివ్వాలి, లీకైన వాటితో పోల్చి చూడాలి. దేనికీ రెజెక్స్ అక్కర్లేదు, పొడవు చూసి, ఆ పోలిక చేస్తే చాలు.

పెన్న ఒడ్డు:
గండికోట అన్నా, మీరిద్దరూ ఇంగ్లీషు అక్షరాల దగ్గరే ఆగిపోయినారు. తెలుగులో కొట్టేవాళ్ల సంగతేంది? పెద్దక్షరం మనకు లేనే లేదు కాబట్టి ఆ షరతు ఎన్నటికీ తీరదు. పైథాన్ రెజెక్స్‌లో అక్షరం, అంకె లేదా అండర్‌స్కోర్ అని చెప్పే బ్యాక్‌స్లాష్ డబ్ల్యూ (\w)తో చూస్తే "కడప" పాసవుతుంది, "కర్నూలు" ఫెయిలవుతుంది. వత్తులు, గుణింతాలు దాని లెక్కలో అక్షరాలే కావు. అంకె అని చెప్పే బ్యాక్‌స్లాష్ డి (\d) అయితే పైథాన్‌లో ౧౨౩ని అంకెలుగా తీసుకుంటుంది, జావాస్క్రిప్ట్‌లో తీసుకోదు. అంటే జావాస్క్రిప్ట్ నడిచే బ్రౌజర్ ఒకటి చెబుతుంది, పైథాన్ నడిచే సర్వర్ ఇంకొకటి చెబుతుంది. పొడవు విషయంలోనూ జాగ్రత్త: పాస్‌వర్డ్‌ను గుర్తుపట్టలేని రూపంలోకి మార్చి దాచే బీక్రిప్ట్ 72 బైట్ల వరకే చూస్తుంది, అక్షరాలను బైట్లుగా రాసే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు కోడ్ (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు విడివిడిగా) ఒక్కోటి మూడు బైట్లు. 24 కోడ్‌లకే నిండిపోతుంది. "కర్నూలు" ఒక్కటే ఏడు కోడ్‌లు.

బురుజు నీడ:
తెలుగు సంగతి ఒప్పుకుంటా అక్కా, నిజంగా ఆలోచించాల్సిందే. కానీ ఆడిట్‌కు వచ్చినాయన చేతిలో చెక్‌లిస్ట్ ఉంటుంది, ఆయన నిస్ట్ పత్రం చదవడు. ఒప్పందంలో షరతు ఉంటే కోడ్‌లో ఉండాల్సిందే. కాకుంటే ఒకే రెజెక్స్‌లో కుక్కకుండా నాలుగు విడి తనిఖీలు రాయాలి, ఏది తక్కువైందో ఆ మాటే చెప్పాలి.

ఆదోని పత్తి:
విడగొట్టేది ఈరోజే చేస్తా. లీకైన వాటితో పోల్చాలంటే గుమస్తాల పాస్‌వర్డ్ బయటి సర్వర్‌కు పంపాల్నా? దానికి మండీ వాళ్లు ఒప్పుకోరు.

గండికోట:
పంపనక్కర్లేదు. లీకైన పాస్‌వర్డ్‌ల జాబితా ఉంచే హ్యావ్ ఐ బీన్ పోన్డ్ సేవకు, పాస్‌వర్డ్ నుంచి లెక్కకట్టిన షా-1 హ్యాష్ అనే కోడ్‌లో (ఇది # గుర్తు కాదు) మొదటి ఐదు అక్షరాలే పంపుతాం. వాటితో మొదలయ్యే హ్యాష్‌ల మిగతా భాగాలన్నీ వెనక్కి వస్తాయి, పోలిక మన సర్వర్‌లోనే జరుగుతుంది. మండీ పేరు, ఆదోని, పత్తి లాంటి మాటలు నువ్వే వేరే లిస్టులో పెట్టుకో. షరతు తీసేయడానికి ఒప్పుకుంటారేమో మండీ వాళ్లను నిస్ట్ పత్రం చూపించి అడుగు. ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకో, రేపు ఆడిటర్‌కు అదే చూపించొచ్చు.