రెండు సెక్షన్లు, ఒక టీ-టెస్టు: దీన్ని ప్రయోగం అనొచ్చా?

సుద్దముక్క:
ఎం.ఎడ్. డిసర్టేషన్లలో, ఎడ్యుకేషన్ పీహెచ్‌డీల్లో పదే పదే కనిపించే నమూనా ఇది. ఒకే హైస్కూల్లో ఎనిమిదో తరగతి ఏ సెక్షన్‌కి కొత్త పద్ధతిలో పాఠం, బీ సెక్షన్‌కి మామూలు పాఠం. సెక్షన్‌కి 40 మంది. పూర్వ పరీక్ష, ఆరు వారాల బోధన, ఉత్తర పరీక్ష. సగటుల తేడా కాకతాళీయమా కాదా అని చూసే టీ-టెస్టు వేసి "0.01 స్థాయిలో సార్థకం, శూన్య పరికల్పన తిరస్కరించడమైనది" అని, అంటే "తేడా ఏమీ లేదు" అన్న ఊహ తప్పని, రాసేస్తారు. పరిశోధన పద్ధతి అన్న చోట "ప్రయోగాత్మక పద్ధతి" అని ఉంటుంది. నా మాట: ఇది ప్రయోగమూ కాదు, ఆ టీ విలువ నమ్మదగ్గదీ కాదు. కాదనేవాళ్లు ఎందుకో చెప్పండి.

నల్లబల్ల:
పేరు తప్పంటే ఒప్పుకుంటాను. యాదృచ్ఛిక కేటాయింపు (చీటీలు వేసి పంచడం) లేదు కాబట్టి "అర్ధప్రయోగాత్మకం" అని రాయాలి. కానీ పనికిరాదనడం అతి. పూర్వ పరీక్ష ఉండి, సమూహాలు సమానమని హామీ లేని ఈ రూపకల్పనకి పరిశోధన రూపకల్పనల మీద రాసిన కాంప్‌బెల్, స్టాన్లీ 1963లోనే చోటిచ్చారు. విద్యా సంవత్సరం మధ్యలో పిల్లల్ని సెక్షన్ల నుంచి లేపి చీటీలు వేసి పంచుతానంటే ఏ హెడ్మాస్టర్ ఒప్పుకుంటారండీ? పూర్వ పరీక్ష మార్కుల్ని సహచరంగా (లెక్కలో కలుపుకునే అదనపు చరంగా) పెట్టి అంకోవా (సహచరంలోని తేడాని సర్ది సగటుల్ని పోల్చే పరీక్ష) చేస్తే మొదట్లో ఉన్న తేడా సర్దుకుంటుంది కదా.

లెక్కలపిచ్చి:
ముందు టీ-టెస్టు సంగతి తేలుద్దాం. ఆ పరీక్ష 80 మందినీ ఎవరికి వారు విడి అనుకుంటుంది. ఒకే గదిలో, ఒకే టీచరు దగ్గర కూర్చున్నవాళ్ల మార్కులు ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. ఆ పోలికకి కొలత ఐసీసీ. అది 0.2 అనుకుంటే, పిల్లల సంఖ్యని భాగించాల్సిన అంకె 1 + (40 − 1) × 0.2 = 8.8. అంటే మీ 80 మంది విడివిడి పిల్లల లెక్కలో 9 మందికి మించరు.

ఇంకా సూటిగా చెప్తాను. కొత్త పద్ధతి వల్ల ఒరిగిందేమీ లేదనుకోండి. అయినా రెండు సెక్షన్ల సగటుల మధ్య సహజంగానే తేడా వస్తుంది. పిల్లల మార్కుల ప్రామాణిక విచలనాన్ని (చెదురుకి కొలత) 1 అనుకుంటే, ఐసీసీ 0.2 అయినప్పుడు ఆ తేడా ప్రామాణిక విచలనం 0.66 దాకా ఉంటుంది. టీ-టెస్టు మాత్రం దాన్ని 0.2 అనుకుని, 0.4 దాటగానే "సార్థకం" అంటుంది. ఫలితంగా 0.05 స్థాయిలో నూటికి 5 సార్లు రావలసిన తప్పు (లేని ఫలితాన్ని ఉందనడం), సగానికి పైగా సార్లు వస్తుంది. అంతకంటే నాణెం ఎగరేసుకోవడం చవక.

నల్లబల్ల:
0.2 అనేది బడికీ బడికీ మధ్య పెట్టుకునే అంకె మాస్టారూ. ఒకే బడిలో రెండు సెక్షన్లకి అంత ఉండదు. 0.05 పెట్టి చూడండి.

లెక్కలపిచ్చి:
పెట్టాను. తప్పు దాదాపు 26 శాతం. 5 కాదు.

పాలపిట్ట:
0.05 అన్నా కూడా సెక్షన్లు పేర్ల వరసనో, అడ్మిషన్ నంబరు వరసనో కట్టినప్పుడే. చాలా బళ్లలో ఏ సెక్షన్ ఇంగ్లిష్ మీడియం, బీ సెక్షన్ తెలుగు మీడియం. ఇంకొన్ని చోట్ల కిందటి ఏడు మార్కుల్ని బట్టి విడదీస్తారు. అలాంటి చోట రెండు గుంపులూ మొదట్లో వేరుగా ఉండటమే కాదు, ఎదిగే వేగం కూడా వేరు. పూర్వ పరీక్షలో సమానంగా వచ్చారని చూపించినా, ఆరు వారాల తర్వాత ట్యూషన్‌కి వెళ్లేవాళ్లు ఎక్కువున్న సెక్షన్ ముందుకెళ్తుంది. వేగంలో ఉన్న తేడాని ఒక్క పూర్వ పరీక్ష పట్టుకోలేదు. కనీసం మూడు పాత పరీక్షల మార్కులు తీసి, రెండు సెక్షన్ల గీతలూ అప్పటిదాకా సమాంతరంగా నడిచాయో లేదో చూడాలి. ఆ మార్కులు బడి రిజిస్టర్లోనే ఉంటాయి, పైసా ఖర్చు లేదు. ఐనా తీసేవాళ్లు తక్కువ.

టీచరు సంగతి ఎవరూ ఎత్తలేదు. కొత్త పద్ధతి సెక్షన్‌కి పరిశోధకురాలే చెప్తారు, చార్టులూ ఉత్సాహమూ వెంట తెచ్చుకుని. రెండో సెక్షన్‌కి రోజూ వచ్చే మాస్టారు. తేడా వస్తే అది పద్ధతిదా, మనిషిదా?

సుద్దముక్క:
అంకోవా గురించి నల్లబల్ల గారికి ఒక లెక్క. పూర్వ పరీక్ష విశ్వసనీయత (మార్కుల తేడాల్లో నిజమైన తేడాల వాటా) 0.7 అనుకుందాం. సొంతంగా తయారు చేసిన 25 ప్రశ్నల పేపరుకి అంత వస్తే సంతోషించాలి. రెండు సెక్షన్ల మధ్య మొదటినుంచీ 5 మార్కుల నిజమైన తేడా ఉంది, బోధన వల్ల ఏమీ మారలేదు. అంకోవా ఆ 5లో సుమారు 3.5 మాత్రమే సర్దుతుంది. మిగిలిన 1.5 "బోధన ఫలితం" ఖాతాలో పడుతుంది. ఇదే డేటాకి మార్కుల పెరుగుదలని పోలిస్తే సున్నా వస్తుంది. ఒకే డేటా, రెండు విశ్లేషణలు, రెండు జవాబులు. ఈ చిక్కుని మనోమాపన శాస్త్రవేత్త ఫ్రెడరిక్ లార్డ్ 1967లోనే చూపించాడు. ఏది సరైందో డేటా చెప్పదు. సెక్షన్లు ఎలా కట్టారో తెలిస్తేనే చెప్పగలం.

"వెనకబడిన పిల్లల" మీద చేసేవి మరీ అన్యాయం. తరగతి సగటు 50, అందులో సగటున 30 తెచ్చుకున్న వాళ్లని ఏరి రెమెడియల్ క్లాసు పెడతారు. పరీక్ష విశ్వసనీయత 0.7 అయితే, ఏమీ చెప్పకపోయినా, మొదటిసారి తోడైన దురదృష్టం మళ్లీ అంతే ఉండదు కాబట్టి, తర్వాతి పరీక్షలో వాళ్ల సగటు 36కి వస్తుంది. ఆరు మార్కులు ఉచితం! ఆ అడుగు గుంపులోంచే చీటీలు వేసి సగం మందిని కంట్రోల్ గ్రూపుగా (పోలిక కోసం రెమెడియల్ లేకుండా) ఉంచకపోతే ఈ ఆరూ రెమెడియల్ క్లాసు గొప్పగా చలామణీ అవుతాయి.

గోదారిగట్టు:
పరీక్ష పేపరు ఎవరు తయారు చేశారన్నది నా దృష్టిలో వీటన్నిటికంటే పెద్ద ప్రశ్న. భావనా పటాలతో (భావనల మధ్య సంబంధాలు చూపే బొమ్మలతో) పాఠం చెప్పి, ఉత్తర పరీక్షలో భావనా పటం గీయమంటే ఏ సెక్షన్ గెలుస్తుందో వేరే చెప్పాలా? ఇది విషయ సప్రమాణత లోపం, అంటే కొలవాల్సిన విషయాన్ని పరీక్ష సరిగ్గా కొలవకపోవడం.

దీన్ని సరిగ్గా చేసిన ఉదాహరణ మన దగ్గరే ఉంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2005లో ఆర్థికవేత్తలు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ మొదలుపెట్టిన ప్రయోగం. 5 జిల్లాలు, 50 మండలాలు, మండలానికి 10 చొప్పున 500 ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలు. పిల్లల ఫలితాలను బట్టి టీచర్లకి బోనస్ ఇస్తే చదువు మెరుగవుతుందా అన్నది ప్రధాన ప్రశ్న. వ్యక్తిగత బోనస్, బడి మొత్తానికి బోనస్, అదనపు కాంట్రాక్టు టీచరు, నగదు గ్రాంటు, ఏమీ ఇవ్వనివి: ఈ ఐదు రకాలకీ ప్రతి మండలంలో రెండేసి బళ్లు చీటీల మీద వెళ్లాయి. బోనస్ బళ్లలో రెండేళ్లకి లెక్కల్లో 0.27, భాషలో 0.17 ప్రామాణిక విచలనాలు ఎక్కువ. బట్టీ పట్టించారేమోనన్న అనుమానం తీరడానికి యాంత్రిక ప్రశ్నల్నీ అవగాహన ప్రశ్నల్నీ విడదీసి చూశారు. బోనస్ లేని సైన్సు, సోషల్‌లోనూ మెరుగుదల ఉందో లేదో చూశారు. రెండు చోట్లా ఉంది. ఇక్కడ చీటీ పడింది పిల్లాడికి కాదు, బడికి. విశ్లేషణలో కూడా ఆ సంగతి మరిచిపోలేదు.

నల్లబల్ల:
500 బళ్ల ఉదాహరణ చూపించి, ఫెలోషిప్ కూడా లేని విద్యార్థిని నిలదీయడం న్యాయమా? పైగా చీటీలు వేసినంత మాత్రాన అన్నీ తీరిపోవు. టెనెసీలో 1985లో మొదలైన తరగతి పరిమాణ ప్రయోగం చూడండి. 79 బళ్లలో 13-17 మంది ఉన్న చిన్న తరగతులకీ, 22-25 మంది ఉన్న తరగతులకీ పిల్లల్నీ టీచర్లనీ చీటీల మీదే పంచారు. చిన్న తరగతులు గెలిచాయి. కాలిఫోర్నియా 1996లో రాష్ట్రమంతా చిన్న తరగతులన్నది, చాలినంత మంది టీచర్లు దొరక్క పూర్తి అర్హత లేనివాళ్లని తీసుకుంది. ఫలితం ఆ స్థాయిలో రాలేదు. కెన్యాలో కాంట్రాక్టు టీచర్ల పథకం స్వచ్ఛంద సంస్థ నడిపిన చోట ఫలించింది, అదే ప్రయోగంలో ప్రభుత్వం నడిపిన చోట ఫలితం కనిపించలేదు. అంతర్గత సప్రమాణత (ఇక్కడ ఫలితం నిజంగా పద్ధతి వల్లే వచ్చిందన్న భరోసా) ఎంత గట్టిగా ఉన్నా బాహ్య సప్రమాణత (వేరే చోటా అదే వస్తుందన్న భరోసా) దానంతట అది రాదు.

లెక్కలపిచ్చి:
ఒప్పుకుంటాను. కానీ బాహ్య సప్రమాణత గ్యారంటీ లేదని అంతర్గత సప్రమాణతని కూడా వదిలేయమంటే ఎలా? ఇక్కడ ఫలించిందో లేదో తెలియనిది అక్కడ ఫలిస్తుందా అన్న చర్చే రాదు.

500 అక్కర్లేదు. 20 బళ్లు, బడికి ఒక సెక్షన్, 40 మంది. 10 బళ్లకి కొత్త పద్ధతి, 10కి పాతది, చీటీలు వేసి. ఐసీసీ 0.2 అయితే 0.6 విచలనాల పైన ఉన్న ఫలితం పట్టుకోవచ్చు. పూర్వ పరీక్ష బళ్ల మధ్య తేడాలో 60 శాతం, పిల్లల మధ్య తేడాలో 50 శాతం వివరించగలిగితే 0.4 దాకా దిగుతుంది. బడికి 40కి బదులు 80 మందిని తీసుకుంటే ఒరిగేది చాలా తక్కువ, పెంచాల్సింది బళ్ల సంఖ్య. పాఠం చెప్పేది ఆయా బళ్ల టీచర్లే కావాలి. వాళ్లకి రెండు రోజుల శిక్షణ, వారానికోసారి చెక్‌లిస్టుతో పరిశీలన. లేకపోతే పద్ధతి అసలు అమలైందో లేదో తెలియదు.

పాలపిట్ట:
అదీ కుదరకపోతే ఉన్న రెండు సెక్షన్లతోనే మార్పిడి చేయొచ్చు. మొదటి యూనిట్ ఏ సెక్షన్‌కి కొత్త పద్ధతి, రెండో యూనిట్ బీ సెక్షన్‌కి. రెండుసార్లూ కొత్త పద్ధతి ఉన్న వైపే మొగ్గితే "ఏ సెక్షన్ పిల్లలే తెలివైనవాళ్లు" అన్న వివరణ నిలబడదు. కొత్త పద్ధతికి అలవాటు పడ్డ ఏ సెక్షన్ రెండో యూనిట్‌లో కూడా అలాగే చదువుకుంటే తేడా తగ్గి కనిపిస్తుంది, ఆ పరిమితి రాసుకోవాలి. నాలుగైదు యూనిట్లకి తిప్పగలిగితే ఇంకా మంచిది.

నల్లబల్ల:
ఈ మార్పిడి సినాప్సిస్‌లో (పరిశోధన ప్రతిపాదనలో) పెడితే గైడ్లు ఒప్పుకుంటారనే అనుకుంటున్నా. 20 బళ్లకి మాత్రం డీఈఓ (జిల్లా విద్యాధికారి) అనుమతి వచ్చేసరికే సమ్మెటివ్ (టర్మ్ చివరి) పరీక్షలు వచ్చేస్తాయి.

సుద్దముక్క:
అందుకే అనుమతి అర్జీ జూన్‌లో పెట్టాలి. చీటీలు మాత్రం పూర్వ పరీక్ష అయ్యాకే వేయండి. ముందే వేస్తే కంట్రోల్ బళ్లు పూర్వ పరీక్షనే పట్టించుకోవు.