‘సమలంబం’లోని లంబం ఏది?

ప్రశ్న: ట్రెపీజియాన్ని మన గణిత పుస్తకాలు ‘సమలంబ చతుర్భుజం’ అంటాయి. లంబం అనగానే నిట్టనిలువు గీత గుర్తుకు వస్తుంది. ఈ ఆకారంలోనేమో చాలాసార్లు లంబకోణం ఒక్కటి కూడా ఉండదు. మరి ఈ పేరు ఎలా పొసగుతుందో తెలిసినవారు వివరించగలరు.

జవాబు: మీ సందేహం సహేతుకమైనదేనండి. ఇక్కడ లంబం అన్నది ఆ ఆకారపు భుజాలలో ఒకటి కాదు. పై భుజం రెండు కొనల నుంచి కింది భుజం మీదికి లంబాలు దించి చూడండి: ఆ రెండు భుజాలూ సమాంతరమైతేనే లంబాలు రెండూ ఒకే పొడవు వస్తాయి. సమాంతరం అన్న మాట ఎత్తకుండానే సమాంతరతను చెప్పిన ఈ పేరు నాకు ఎంతో ఇష్టం. (ఆ లెక్కన సమాంతర చతుర్భుజం కూడా సమలంబమే అవుతుంది.)

భాస్కరాచార్యుడు 1150 నాటి లీలావతిలో దీనినే సమానలంబ చతుర్భుజం అన్నాడు. పై భుజం ముఖం, కింది భుజం భూమి. భూమిలోంచి ముఖాన్ని తీసివేయగా మిగిలిన పొడవే భూమిగా ఒక త్రిభుజాన్ని ఊహించి, దాని లంబాన్ని కనుక్కోమన్నాడు. భూమి 20, ముఖం 6, పక్క భుజాలు 13, 15 అనుకుందాం. ముఖం పోగా 14 మిగులుతుంది. 13, 14, 15 భుజాలుగా గల త్రిభుజంలో 14 మీది లంబం 12. ముఖం, భూమి కలిపిన మొత్తంలో సగం 13 కనుక, దానిని 12తో గుణిస్తే వైశాల్యం 156 వస్తుంది. ఈ సగం మొత్తపు సూత్రాన్ని ఆర్యభటుడు 499లోనే చెప్పి ఉన్నాడు.

ప్రశ్న: కలనగణితం (కాలిక్యులస్)లోని ట్రెపిజాయిడల్ సూత్రానికి కూడా ఇదే అన్వయం కుదురుతుందాండి?

జవాబు: చక్కగా కుదురుతుంది, కాకపోతే బొమ్మ పక్కకు ఒరుగుతుంది. వక్రం కింది వైశాల్యాన్ని నిలువు పట్టీలుగా కోసినప్పుడు సమాంతర భుజాలు నిలబడి ఉంటాయి, లంబం మాత్రం ఎక్స్ అక్షం మీద పడుకుని పట్టీ వెడల్పు అవుతుంది. లంబం అంటే నిలువు అనుకున్న విద్యార్థి తడబడేది సరిగ్గా ఇక్కడే. ఎక్స్ వర్గానికి 0 నుంచి 1 వరకు అసలు వైశాల్యం మూడింట ఒక వంతు. రెండు పట్టీలతో 0.375, నాలుగింటితో 0.34375 వస్తాయి. వక్రం కిందికి వంగి ఉండటంతో పట్టీల పైఅంచులు దానికి పైన పడతాయి, అందుకే కాస్త ఎక్కువ వస్తుంది. పట్టీల సంఖ్య రెట్టింపు చేయగానే ఆ తేడా నాలుగో వంతుకు దిగింది.

ఇంకా ముచ్చటైన లంబం బాబిలోనియా మట్టి పలకలలో ఉంది. క్రీస్తుపూర్వపు ఆ పలకలలో గురుగ్రహం ఆకాశంలో రోజుకు 12 కళల (డిగ్రీలో అరవయ్యో వంతు కళ, కళలో అరవయ్యో వంతు వికళ) వేగంతో మొదలై, 60 రోజులకు 9 కళల 30 వికళలకు తగ్గుతుంది. సగటు 10 కళల 45 వికళలు కనుక, 60 రోజులకు నడిచిన దూరం 10 డిగ్రీల 45 కళలు. వేగాన్ని కాలానికి ఎదురుగా గీస్తే వచ్చే సమలంబంలో ముఖం, భూమి రెండు వేగాలు, వైశాల్యమే దూరం. వాటి మధ్య లంబం అరవై రోజుల కాలం.