"చలి కాచుకొనుడి": యాకోబు పత్రిక 2:16లో దోషం ఎక్కడుంది?

బైబిలు కొత్త నిబంధనలోని ఈ లేఖలో, బట్టలు, ఆ నాటి భోజనం లేని సహోదరునితో "సమాధానముగా వెళ్లుడి, చలి కాచుకొనుడి, తృప్తిపొందుడి" అని చెబితే ఏమి ప్రయోజనమని యాకోబు అడుగుతున్నాడు. అవి దీవెన మాటలే కదా, వాటిలో తప్పు పట్టవలసినది ఏమున్నదని ఒక సభ్యుడు సందేహం వెలిబుచ్చారు.

నిజమే, అవి దీవెన మాటలే. "సమాధానముగా వెళ్లుడి" అన్నది యూదుల వాడుకలో మర్యాదపూర్వకమైన వీడ్కోలు. ఇక్కడ సమాధానమంటే శాంతి. మార్కు సువార్త 5:34లో, రక్తస్రావం నుండి బాగుపడిన స్త్రీతో యేసు కూడా "సమాధానము గలదానవై పొమ్ము" అంటాడు. అయితే అక్కడ స్వస్థత ముందు కలిగింది, వీడ్కోలు తరువాత వచ్చింది. యాకోబు చెప్పిన సందర్భంలో ముందు జరగవలసినది జరగకుండానే వీడ్కోలు పలికేశారు. అందుచేత, చేయవలసిన పనికి బదులుగా ఓదార్పును చెల్లించి చేతులు దులుపుకోవడాన్నే ఆయన నిలదీస్తున్నాడని నేను భావిస్తున్నాను.

ఆ మాటల క్రియారూపాలను గమనిస్తే ఇది మరింత స్పష్టమవుతుంది. గ్రీకు మూలంలోని రూపాన్ని "మీకు వెచ్చదనం కలుగును గాక" అన్నట్లుగానూ, "మిమ్మును మీరే వెచ్చజేసుకొనండి" అన్నట్లుగానూ చదవవచ్చు. మొదటి పఠనంలో ఎవరో, బహుశా దేవుడే, చూసుకుంటాడన్న భక్తి ధ్వనిస్తుంది. రెండవ దానిలో భారమంతా చలికి వణుకుతున్నవాని మీదనే పడుతుంది. తెలుగు అనువాదకులు "కాచుకొనుడి" అని "కొను" చేర్చి రెండవ దారిని ఎంచుకున్నారు. నిప్పు లేనివానిని చలి కాచుకొమ్మనడంలోని నిష్ఠురత్వం మన భాషలో ఇంత సూటిగా వినబడడం నాకు ఎంతో నచ్చింది. "తృప్తిపొందుడి" సంగతి వేరు: పొందేవాడున్నప్పుడు ఇచ్చేవాడు కూడా ఉండాలి, ఇవ్వగలిగినవాడు ఆ మాట పలుకుతూ ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

తెలుగులో కనబడకుండా పోయిన విశేషం ఒకటున్నది. మన పాఠంలో "మీలో ఎవడైనను" అన్నవాడే ఇవ్వనివాడు కూడా. గ్రీకులో మాత్రం చెప్పడం ఏకవచనంలోనూ, ఇవ్వకపోవడం "మీరు ఇవ్వక" అన్నట్లు బహువచనంలోనూ ఉన్నాయి. తియ్యగా మాట్లాడినవాడు ఒక్కడే అయినా, ఆ మాట విని, అందరి తరఫునా దీవెన అందిపోయిందనుకొని ఊరకున్న సంఘమంతా ఆ ప్రశ్నకు జవాబుదారీ అవుతుంది. ఈ వచనాన్ని వ్యక్తిగత దానగుణానికి మాత్రమే పరిమితం చేసి బోధించేవారు ఈ బహువచనాన్ని గమనించవలసి ఉంటుంది.

క్రియలు లేని విశ్వాసం వ్యర్థమన్న యాకోబు మాట, మనిషి విశ్వాసం వలననే నీతిమంతుడవుతాడన్న అపొస్తలుడైన పౌలు బోధకు విరుద్ధమన్న వాదం పాతదే. జర్మనీ మతసంస్కర్త మార్టిన్ లూథర్ 1522లో ఈ పత్రికను గడ్డిపోచలాంటిదన్నాడు. ఆ వాదాన్ని ఇక్కడ సాగదీయను కానీ, ఇదే అధ్యాయం 26వ వచనంలోని ఉపమానాన్ని మాత్రం జాగ్రత్తగా చదవమని కోరుతున్నాను. విశ్వాసం ప్రాణమనీ, క్రియలు దానికి శరీరమనీ మనం అనుకుంటాము. యాకోబు దీనిని తలక్రిందులు చేసి, ప్రాణం లేని శరీరం మృతమైనట్లే క్రియలు లేని విశ్వాసమూ మృతమంటాడు. ఆయన లెక్కలో విశ్వాసం శరీరం, దానిలో ఆడే ఊపిరి క్రియలు.