బెకన్‌ట్రీలో రూమ్ తీసుకోవచ్చా? జనవరిలో వస్తున్నాను

అందరికీ నమస్కారం. మాది ఖమ్మం. జనవరిలో మాస్టర్స్‌కి లండన్ వస్తున్నాను. క్యాంపస్ డాగెన్‌హామ్‌లో, పాత సివిక్ సెంటర్ బిల్డింగులో. బెకన్‌ట్రీ స్టేషన్ దగ్గర రూమ్ ఉందని వాట్సాప్ గ్రూపులో చూశాను. "అది కౌన్సిల్ ఎస్టేట్, వద్దు" అని సీనియర్ ఒకడు భయపెడుతున్నాడు. ఏరియా ఎలా ఉంటుంది? షాపులు, బస్సులు దగ్గరేనా?

హీత్‌వే దగ్గరుండే అక్క:

తమ్ముడూ, ముందు ఆ "కౌన్సిల్ ఎస్టేట్" భయం తీసెయ్. కౌన్సిల్ అంటే ఇక్కడి మున్సిపాలిటీ లాంటిది, అది అద్దెకివ్వడానికి కట్టించిన ఇళ్ల కాలనీ, అంతే. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి మంచి ఇళ్లు ఇస్తామని మాటిచ్చి 1919లో చట్టం చేశారు. ఆ చట్టం కిందే లండన్ కౌంటీ కౌన్సిల్ 1921లో ఇక్కడ ఇళ్లు కట్టడం మొదలుపెట్టింది. అంతకుముందు ఇక్కడంతా కూరగాయల తోటలు. ఇటుక, కలప మొయ్యడానికి థేమ్స్ రేవు నుంచి గుడ్‌మేస్ దాకా ప్రత్యేకంగా రైలు పట్టాలే వేశారు. 1935 నాటికి పాతిక వేలకు పైగా ఇళ్లు లేచాయి. అప్పటికి ప్రపంచంలో ఇంత పెద్ద కౌన్సిల్ ఎస్టేట్ ఇంకోటి లేదు. లండన్‌లోని ఈస్ట్ ఎండ్ పేటల్లో ఒక్క గదిలో సంసారాలు చేసినవాళ్లకి ఇంట్లోనే టాయిలెట్, స్నానాల టబ్బు, ముందూ వెనకా పెరడు దొరికాయి. కిటికీలు వారం వారం తుడవాలని, కంచె మొక్కలు కత్తిరించాలని రూల్సు పుస్తకం కూడా ఇచ్చారు.

1980 చట్టంతో అద్దెకున్నవాళ్లు తమ ఇళ్లు కొనుక్కోవడం మొదలైంది. చాలా ఇళ్లు చేతులు మారి ఇప్పుడు ప్రైవేటు అద్దెల్లో ఉన్నాయి. నీకు దొరికేది అలాంటిదే. ఎవరైనా "ఇది కౌన్సిల్ ఇల్లు, చవగ్గా ఇస్తా" అంటే మాత్రం వెళ్లకు. కౌన్సిల్ ఇంటిని దొంగచాటుగా వేరేవాళ్లకి అద్దెకివ్వడం నేరం. పట్టుబడితే సామానుతో రోడ్డున పడేది నువ్వే.

నా అనుభవం చెప్తాను, కాస్త ఓపిగ్గా చదువు. నేను వచ్చిన కొత్తలో ఒక బాంజోలో రూమ్ తీసుకున్నాను. చివర గుండ్రంగా మూసుకుపోయే చిన్న వీధుల్ని ఇక్కడ బాంజో అంటారు. ఇంటి ఓనరు మనవాడే, "మీ అన్నయ్యలాంటివాణ్ని" అన్నాడు. ఈ ఎస్టేట్‌లో కొన్ని ఇళ్లకి ముందువైపు పార్లర్ అని ఒక గది ఉంటుంది. దాన్ని ప్లైవుడ్‌తో రెండు చేశాడు. నా సగానికి కిటికీ లేదు. 500 పౌండ్లు డిపాజిట్ చేతికే ఇచ్చాను, రసీదు అడగడానికి మొహమాటం. నవంబరు వచ్చేసరికి గోడ చెమ్మ పట్టింది. దీపావళికి కట్టుకుందామని బీరువా తీస్తే, అమ్మ పెట్టిన ఎర్రంచు పట్టుచీర మడత పొడుగునా నల్ల చుక్కలు. బీరువా జరిపి చూస్తే వెనక గోడంతా బూజు, వేలితో గీస్తే మెత్తగా ఊడొస్తోంది. ఓనరుకి ఫోన్ చేస్తే "నువ్వు అన్నం వండి, బట్టలు లోపల ఆరేస్తే రాదా మరి?" అన్నాడు. మార్చిలో ఖాళీ చేస్తే రంగులకి సరిపోయిందని 500 మింగేశాడు.

అప్పుడు నాతో పనిచేసే ఒకావిడ చెప్పింది. డిపాజిట్ తీసుకున్న 30 రోజుల్లో ప్రభుత్వం గుర్తించిన మూడు స్కీముల్లో ఒకదానిలో భద్రపరచాలి, లేకపోతే కోర్టు దానికి ఒకటి నుంచి మూడు రెట్ల దాకా జరిమానా ఇప్పించగలదు అని. అదే ఉత్తరంలో రాసి పంపాను. రెండు వారాల్లో మొత్తం వెనక్కొచ్చింది. చీర మాత్రం బాగుపడలేదు.

ఇల్‌ఫర్డ్ అన్న, 2004 నుంచి ఇక్కడే:

అక్క చెప్పింది నిజమే గానీ ఒక ముక్క వదిలేసింది. ఓనరు కూడా అదే ఇంట్లో ఉంటే నువ్వు లాడ్జర్‌వి. అప్పుడు ఆ స్కీము రూలు వర్తించదు. డిపాజిట్ ఆరు వారాల అద్దె దాకా అడగొచ్చు, కంగారుపడకు.

అసలు నువ్వు ఫోర్డ్ గురించి తెలుసుకోవాలి. 1931లో డాగెన్‌హామ్‌లో ఆ కార్ల ఫ్యాక్టరీ తెరిచాకే ఈ ఎస్టేట్‌కి దగ్గర్లో పెద్ద పని దొరికింది. 1968లో అక్కడ సీటు కవర్లు కుట్టే ఆడవాళ్లు సమ్మె చేస్తే 1970లో సమాన వేతన చట్టం వచ్చింది. కార్ల తయారీ 2002లో ఆగిపోయింది. మా పక్కింటి పెద్దాయన ఇప్పటికీ ఆ రోజు గురించి చెప్తూ కళ్లు తుడుచుకుంటాడు.

హీత్‌వే అక్క:

అన్నా, ఆరు వారాలు కాదు. 2019 చట్టం తర్వాత ఐదు వారాలే. ఆరు అనేది ఏడాది అద్దె 50 వేల పౌండ్లు, ఆ పైన ఉన్న ఇళ్లకి. రూమ్ పట్టి ఉంచడానికి అడిగేది కూడా ఒక్క వారం అద్దె దాటకూడదు. లాడ్జర్ సంగతి మీరన్నది కరెక్టే. అందుకే ఓనరు ఎక్కడుంటాడో కాగితం మీద రాయించుకోవాలి.

వరంగల్ భాయ్, చాడ్‌వెల్ హీత్:

తమ్మీ, అసలు ముచ్చట ఎవరూ చెప్తలేరు. బెకన్‌ట్రీ స్టేషన్ వేరు, బెకన్‌ట్రీ హీత్ వేరు! నీ కాలేజీ హీత్ పక్కన ఉన్నది. స్టేషన్ కాడ రూమ్ తీసుకుంటే రోజూ బస్సు ఎక్కాలె. నన్నడిగితే మా దిక్కు చూడు, ఎలిజబెత్ లైన్ రైలు మస్తు స్పీడు.

కౌన్సిల్ టాక్స్ కూడా చూస్కో, మన ఇంటి పన్ను లెక్క, కానీ ఇంట్ల ఉండేటోళ్లే కట్టాలె. ఇంట్ల అందరూ ఫుల్ టైం స్టూడెంట్లయితే కట్టేది లేదు. ఒక్కడు కోర్సు అయిపోయి జాబ్‌ల చేరినా బిల్లు వస్తది, 25 శాతం తగ్గించి. మా ఇంట్ల దీని మీద పెద్ద లొల్లి అయింది.

ఇల్‌ఫర్డ్ అన్న:

ఎలిజబెత్ లైన్ స్పీడే, కాని మనకి కావలసినవన్నీ డిస్ట్రిక్ట్ లైన్ మీదున్నాయి. బెకన్‌ట్రీలో ఎక్కితే అప్నీ, బార్కింగ్, మూడోది ఈస్ట్‌హామ్. కరివేపాకు, సోనా మసూరి, మహాలక్ష్మి గుడి అన్నీ అక్కడే.

వరంగల్ భాయ్:

అన్నా, పిల్లగాడు రోజూ పోయేది కాలేజీకి, గుడికి కాదు గదా.

ఖమ్మం తమ్ముడు:

అందరికీ థాంక్స్. ఆ రెండు పేర్లూ ఒకటే అనుకున్నాను! ఏజెంటుని అడిగితే ఓనరు వేరే ఊళ్లో ఉంటాడన్నాడు. వీడియోలో గది బాగానే ఉంది, కిటికీ ఉంది, మూలన పెద్ద బీరువా ఉంది. డబ్బు రేపే పంపమంటున్నాడు.

హీత్‌వే అక్క:

రేపు పంపకు. శనివారం పాపని వాలెన్స్ హౌస్‌కి తీసుకెళ్తున్నాను. ఎస్టేట్ కట్టకముందు నుంచీ ఉన్న పాత బంగళా అది, ఇప్పుడు మ్యూజియం, టికెట్ లేదు. నువ్వొచ్చాక తప్పకుండా చూడు. అడ్రస్ నాకు విడిగా పంపు. వచ్చేదారిలో వెళ్లి ఆ బీరువా జరిపించి, వెనక గోడ ఫోటో తీసి పెడతాను.